నేషనల్స్‌లో నాలుగో స్థానం, ఒలింపిక్స్‌కి బెర్తు: ఇది అన్యాయమేనా?

మీరు అడిగినవి మూడు. 2014లో అమెరికా ఫిగర్ స్కేటింగ్ నేషనల్స్‌లో (జాతీయ పోటీల్లో) మూడో స్థానం తెచ్చుకున్న మిరాయ్ నాగాసుని ఆపేసి, నాలుగో స్థానంలో ఉన్న యాష్లీ వాగ్నర్‌ని సోచి ఒలింపిక్స్‌కి పంపడం ఏం న్యాయం అన్నారు. ఇంటర్మీడియట్ లెవెల్లో (నోవిస్, జూనియర్, సీనియర్‌లకి కింది మెట్టు) స్కేట్ చేస్తున్న మీ పాపకి రేపు ఇలాంటిదే ఎదురైతే ఇన్నేళ్ల కష్టం, ఖర్చు ఏం కావాలి అన్నారు. అమెరికాలో ఇంత పోటీ ఉంది కదా, ఇండియా తరఫున ఆడిస్తే తేలికేమో అని కూడా అడిగారు. మధ్యలో మీ మామగారి మాట రాశారు: "అంతా రాజకీయమేనమ్మా."

నేను స్కేటర్‌ని కాదు. ఒక స్కేటర్ తల్లిని, ఆ పైన చాలా సీజన్లు లోకల్ పోటీల్లో టెక్నికల్ ప్యానెల్ (జంపులు సరిగ్గా తిరిగాయో లేదో తేల్చేవాళ్లు) పక్కన కూర్చుని డేటా ఎంట్రీ చేసినదాన్ని. కాబట్టి మార్కులు ఎలా పడతాయో దగ్గర నుంచి చూశాను. ఎంపికలు జరిగే గదిలోకి మాత్రం నన్నెవరూ పిలవలేదు. ఆ తేడా దృష్టిలో పెట్టుకుని చదవండి.

రాజకీయం బొత్తిగా లేదని నేను అనను. కానీ 2014 గొడవని ఆ ఒక్క మాటతో కొట్టిపారేస్తే అసలు సంగతి జారిపోతుంది. మనవాళ్లకి ఎంసెట్ అలవాటు: ర్యాంకు వచ్చింది, సీటు ఇవ్వాలి, మధ్యలో ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండకూడదు. అమెరికా స్కేటింగ్‌లో నేషనల్స్ అలాంటి పరీక్ష కాదు. పైగా అక్కడ పంచడానికి ఎన్ని సీట్లున్నాయన్నది కూడా ముందు ఏడాదే, వేరే ఊళ్లో, వేరే అమ్మాయిలు తేల్చేసి ఉంటారు.

ఒలింపిక్స్‌లో మహిళల సింగిల్స్‌లో ఆడేది 30 మంది. 2026కి దాన్ని 29 చేశారు. ఒక దేశానికి గరిష్ఠంగా మూడు బెర్తులు. ఒలింపిక్స్‌కి ముందు ఏడాది మార్చిలో జరిగే వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఆ దేశం అమ్మాయిల్లో మెరుగైన ఇద్దరి స్థానాలు కూడతారు. మొత్తం 13 దాటకపోతే మూడు బెర్తులు, 28 దాటకపోతే రెండు, అది కూడా దాటితే ఒకటే. ఒక్కరే ఆడిన దేశానికైతే ఆ అమ్మాయి మొదటి రెండు స్థానాల్లో ఉంటే మూడు, పది లోపు ఉంటే రెండు. 2013లో కెనడాలోని లండన్‌లో యునా కిమ్ ఒంటరిగా వచ్చి గెలిచి కొరియాకి మూడు బెర్తులు పట్టుకెళ్లింది. ఆ పుణ్యాన కిమ్ హే జిన్, పార్క్ సో యోన్ అనే ఇద్దరు చిన్నపిల్లలు కూడా సోచి చూశారు.

వాగ్నర్ కథ ఈ లెక్కతోనే మొదలవుతుంది. 2009 లాస్ ఏంజెలెస్ వరల్డ్స్‌లో రేచల్ ఫ్లాట్ ఐదో స్థానం, అలీసా సిజ్నీ పదకొండో స్థానం. కూడితే 16. కావలసింది 13. మూడో బెర్తు అక్కడే పోయింది. పది నెలల తర్వాత, 2010 నేషనల్స్‌లో మూడో స్థానంలో ఎవరు నిలిచారో తెలుసా? వాగ్నరే. ఫ్లాట్, నాగాసు ఒలింపిక్స్‌కి వాంకూవర్ విమానం ఎక్కారు, వాగ్నర్ ఇంట్లో ఉండిపోయింది. అంటే తను ఆడని పోటీలో ఎవరో పదకొండో స్థానంలో నిలిచినందుకు ఆమె ఒలింపిక్స్ పోగొట్టుకుంది. దాని మీద ఎవరూ పిటిషన్లు రాయలేదు, టీవీలో చర్చలు పెట్టలేదు. మన కళ్లకి కనబడే అన్యాయాలే మనకి అన్యాయాలు.

నాలుగేళ్లు గడిచాయి. 2013 వరల్డ్స్‌లో వాగ్నర్ ఐదు, గ్రేసీ గోల్డ్ ఆరు. మొత్తం 11. సోచికి అమెరికాకి మూడు బెర్తులు. అంటే 2014లో జనం కొట్టుకున్న ఆ మూడో బెర్తు సగం వాగ్నర్ సంపాదనే. అయితే రూల్ ప్రకారం బెర్తు దేశానిది, తెచ్చినవాళ్లది కాదు.

2014 జనవరి, బోస్టన్. గోల్డ్ 211.69, పొలీనా ఎడ్మండ్స్ 193.63, నాగాసు 190.74, వాగ్నర్ 182.74. ఫ్రీ స్కేట్‌లో (షార్ట్ ప్రోగ్రాం తర్వాత వచ్చే రెండో, పెద్ద భాగం) వాగ్నర్ రెండుసార్లు పడింది. నాగాసు చక్కగా చేసింది. ఇద్దరి మధ్య సరిగ్గా ఎనిమిది మార్కుల తేడా. మర్నాడు ఎంపిక కమిటీ గోల్డ్, ఎడ్మండ్స్, వాగ్నర్ పేర్లు ప్రకటించింది. గాయం సాకు లేకుండా నేషనల్స్‌లో మూడో స్థానం అమ్మాయిని దాటి కింద ఉన్న అమ్మాయిని తీసుకోవడం అమెరికా మహిళల విభాగంలో అదే మొదటిసారి. అంతకు ముందు 1994లో మోకాలిపై దాడి జరిగి నేషనల్స్ ఆడలేకపోయిన నాన్సీ కెర్రిగన్‌ని తీసుకుని, రెండో స్థానంలో నిలిచిన పదమూడేళ్ల మిషెల్ క్వాన్‌ని రిజర్వులో పెట్టారు. 2006లో అదే క్వాన్‌కి, గాయంతో నేషనల్స్ ఆడకపోయినా, టీమ్‌లో చోటిచ్చారు. ఆమె ఒలింపిక్స్ జరిగే ట్యూరిన్ దాకా వెళ్లి తప్పుకుంటే ఎమిలీ హ్యూస్ బయల్దేరింది.

వాగ్నర్‌ని ఎందుకు తీసుకున్నారంటే, నేషనల్స్ ఒక్కటే కాకుండా అంతకు ముందు అంతర్జాతీయ పోటీల ఫలితాలు కూడా చూడాలని అమెరికా స్కేటింగ్ ఫెడరేషన్ నియమం. అది ఆ రాత్రి పుట్టిన నియమం కాదు. వాగ్నర్ అప్పటికి రెండుసార్లు జాతీయ ఛాంపియన్, వరల్డ్స్‌లో ఐదో స్థానం, నెల ముందే ఫుకువోకాలో గ్రాండ్ ప్రి (ఏటా జరిగే అంతర్జాతీయ పోటీల వరస) ఫైనల్ కాంస్యం. నాగాసు 2010 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న పిల్లే, కానీ ఆ వెనక 2012, 2013 నేషనల్స్‌లో ఏడో స్థానం దగ్గర ఆగిపోయింది. ఆ సీజన్‌లో మాస్కో గ్రాండ్ ప్రిలో కాంస్యం మాత్రం ఉంది.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పాత ఫలితాలు అంత ముఖ్యమైతే, పదిహేనేళ్ల ఎడ్మండ్స్‌ని ఎలా తీసుకున్నారు? ఆమెకి సీనియర్ అంతర్జాతీయ అనుభవం సున్నా. జూనియర్ గ్రాండ్ ప్రిలో రెండు గెలిచింది, అంతే. సోచి ఒలింపిక్సే ఆమెకి మొదటి సీనియర్ అంతర్జాతీయ పోటీ! ఒకరికేమో నేషనల్స్ రెండో స్థానం సరిపోయింది, ఇంకొకరికేమో మూడో స్థానం చాల్లేదు. నాగాసు అభిమానుల కోపంలో బలమున్నది ఇక్కడే.

నా అభిప్రాయం: వాగ్నర్‌ని తీసుకోవడం తప్పు కాదు. ఒక్క చెడ్డ రాత్రి చూసి వరల్డ్స్ ఐదో ర్యాంకు అమ్మాయిని వదులుకునే దేశం తర్వాతి ఏడాది బెర్తులు పోగొట్టుకుంటుంది. కానీ ఆ "పాత ఫలితాలు" అనే తక్కెడలో ఒక లోపముంది. పెద్ద పోటీలకి ఎవరు వెళ్తారన్నది ర్యాంకింగ్‌ని బట్టి, గత వరల్డ్స్‌ని బట్టి, ఫెడరేషన్ పంపే పేర్లని బట్టి ఉంటుంది. ఒకసారి వెనకబడ్డ అమ్మాయికి మంచి పోటీలు దొరకవు, పోటీలు దొరకలేదు కాబట్టి ఫలితాలుండవు, ఫలితాలు లేవు కాబట్టి ఎంపిక రోజున ఫైలు పల్చగా కనిపిస్తుంది. రాజకీయం అని మీ మామగారు అనేదాంట్లో నిజమైన పాలు ఇదే. లంచాలూ ఫోన్లూ అక్కర్లేదు, వరస తనంతట తనే నడుస్తుంది.

సోచిలో గోల్డ్ నాలుగు, వాగ్నర్ ఏడు, ఎడ్మండ్స్ తొమ్మిది. కమిటీ పరువు దక్కింది.

2018 ఒలింపిక్స్‌కి కథ అడ్డం తిరిగింది. ముందు ఏడాది హెల్సింకీ వరల్డ్స్‌లో కారెన్ చెన్ నాలుగు, వాగ్నర్ ఏడు, మళ్లీ 11, మళ్లీ మూడు బెర్తులు, మళ్లీ అందులో వాగ్నర్ చెయ్యి. సాన్ హోసేలో నేషనల్స్: బ్రేడీ టెనెల్, నాగాసు, చెన్, నాలుగో స్థానంలో వాగ్నర్. ఈసారి నాలుగో స్థానానికి చోటు దక్కలేదు. ఆ సీజన్‌లో వాగ్నర్ దగ్గర స్కేట్ కెనడా కాంస్యం తప్ప చెప్పుకోదగ్గది లేదు, స్కేట్ అమెరికాలో మధ్యలోనే తప్పుకుంది. తన కాంపొనెంట్ మార్కుల (జంపులకి కాక స్కేటింగ్ తీరుకి, ప్రదర్శనకి వేసేవి) మీద ఆమె బాహాటంగానే మండిపడింది. నాగాసు ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కి వెళ్లి టీమ్ ఈవెంట్‌లో ట్రిపుల్ యాక్సెల్ (గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంప్) దించింది. ఒలింపిక్స్‌లో ఆ జంప్ దించిన మొదటి అమెరికన్ మహిళ తనే. నాలుగేళ్ల కిందట మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అప్పటికి ఆమె వయసు 24, ఆ వయసులో కొత్తగా ట్రిపుల్ యాక్సెల్ నేర్చుకోవడమంటే మాటలు కాదు.

కమిటీ నిర్ణయానికి నేను పూర్తి మార్కులేసేది 2021 విషయంలో. ఆ ఏడు వరల్డ్స్‌కి అమెరికాకి ఉన్నవి రెండే చోట్లు. నేషనల్స్‌లో టెనెల్ మొదటి స్థానం, ఆంబర్ గ్లెన్ రెండు, చెన్ మూడు. గ్లెన్‌ని ఆపి చెన్‌ని పంపారు. అప్పుడూ పెద్ద రభస. స్టాక్‌హోమ్ వరల్డ్స్‌లో చెన్ నాలుగో స్థానం, టెనెల్ తొమ్మిది. కూడి చూడండి, సరిగ్గా 13. చెన్ ఒక్క మెట్టు దిగినా 14 అయ్యేది. అప్పటికి కొత్త మెలిక ఒకటి వచ్చింది: మూడు బెర్తులూ నేరుగా దక్కాలంటే ముగ్గురు అమ్మాయిలు ఫ్రీ స్కేట్ దాకా వెళ్లి ఉండాలి. అమెరికాకి ఉన్నది ఇద్దరే కాబట్టి మూడోదాన్ని జర్మనీలో నెబెల్‌హార్న్ ట్రోఫీ అనే అర్హత పోటీకి వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. అలీసా లియూ వెళ్లి, గెలిచి తెచ్చింది. 2022 నేషనల్స్‌లో లియూ షార్ట్ ప్రోగ్రాం తర్వాత కోవిడ్‌తో తప్పుకుంది. అయినా బీజింగ్ ఒలింపిక్స్ టీమ్‌లో ఆమె పేరుంది. మూడో స్థానంలో నిలిచిన ఇసాబో లెవిటోకి పద్నాలుగేళ్లే, వయసు చాల్లేదు. పాపం గ్లెన్‌కి కూడా అదే నేషనల్స్‌లో కోవిడ్. ఆ గ్లెన్ 2024లో, 2025లో జాతీయ ఛాంపియన్ అయింది. పదహారేళ్లకే ఆట మానేసిన లియూ రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి 2025లో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ వరల్డ్స్‌లో లెవిటో నాలుగు, గ్లెన్ ఐదు. మూడు బెర్తులకి ఢోకా లేదు.

ఇక ఇతర దేశాలు. జపాన్‌లో నేషనల్స్ ఛాంపియన్‌కి బెర్తు ఖాయం, మిగతావి నేషనల్స్‌తో పాటు గ్రాండ్ ప్రి ఫైనల్, ర్యాంకింగ్ వగైరాలు చూసి ఇస్తారు. 2018కి వాళ్లకి రెండే బెర్తులు. ఛాంపియన్ సతోకో మియహారా, రెండో స్థానం కవోరీ సకమోతో వెళ్లారు. మూడో స్థానం రికా కిహిరాకి వయసు చాల్లేదు. ఆ సీజన్ గ్రాండ్ ప్రి ఫైనల్ దాకా వెళ్లిన వకాబా హిగుచి నేషనల్స్‌లో నాలుగై ఆగిపోయింది. ఒలింపిక్స్ అయిన నెలకి మిలాన్ వరల్డ్స్‌లో హిగుచి ఏకంగా రజతం కొట్టింది. అలాగని సకమోతో ఎంపిక తప్పా? ప్యాంగ్‌చాంగ్‌లో ఆరో స్థానం, బీజింగ్‌లో కాంస్యం, 2022 నుంచి వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు. రష్యా గురించి ఒక్క పేరు చాలు: ఎలిజవేటా తుక్తమిషెవా. 2015 ప్రపంచ ఛాంపియన్, 2021 వరల్డ్స్ రజతం. ఒలింపిక్స్ ఒక్కసారి కూడా ఆడలేదు. క్వాడ్‌లు (నాలుగు చుట్ల జంపులు) తిరిగే పదిహేనేళ్ల పిల్లల వెనక ఆమె వంతు రానేలేదు.

ఆ పిల్లల్లో ఒకరైన కమిలా వాలియేవా డోపింగ్ వ్యవహారం బీజింగ్‌లో రచ్చయ్యాక, 2022 జూన్‌లో ఫుకెట్‌లో జరిగిన ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్) కాంగ్రెస్ సీనియర్ వయసు 15 నుంచి 17కి పెంచింది. మీ పాప విషయంలో ముందు చూసుకోవాల్సింది ఇదే. పోటీ సీజన్ మొదలయ్యే జూలై 1 నాటికి 17 నిండి ఉండాలి. 2030 ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే, ఇప్పటి రూల్ ప్రకారం 2012 జూలై 1కి ముందు పుట్టి ఉండాలి. ఒక్క రోజు తేడా వచ్చినా ఎవరూ కనికరించరు. 2005 డిసెంబరులో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచిన మావో అసాదా 87 రోజుల తేడాతో ట్యూరిన్ ఒలింపిక్స్‌కి దూరమైంది. పాప పుట్టినతేదీ మీరు రాయలేదు. తేదీ దాటి ఉంటే కంగారు పడకండి, నిజానికి అది శరీరానికి మేలు. పదమూడేళ్లకి ట్రిపుల్స్ అన్నీ అయిపోవాలన్న తొందర ఈ రూల్ వల్ల కొంత తగ్గింది.

ఇప్పుడు మార్కుల సంగతి. మీ చేతిలో కొంతైనా ఉన్నది ఇదొక్కటే. ట్రిపుల్ లట్జ్, ట్రిపుల్ టో కాంబినేషన్ (వెంట వెంటనే చేసే రెండు మూడు చుట్ల జంపులు) తీసుకోండి. బేస్ (జంప్‌కి ముందే ఖరారైన విలువ) 5.9 కి 4.2 కలిపితే 10.1. శుభ్రంగా దిగి జడ్జిలు నాణ్యతకి ప్లస్ రెండు (పెద్ద జంప్ విలువలో ఇరవై శాతం) ఇస్తే 11.28. ఇప్పుడు రెండో జంప్ మంచు తాకిన క్షణం చూడండి. టెక్నికల్ ప్యానెల్ రీప్లే నెమ్మదిగా తిప్పుతుంది, బ్లేడు మొన మంచుని తాకినప్పుడు ఎటు చూస్తోందో అక్కడ ఆపుతుంది. పూర్తి తిరుగుడుకి పావు చుట్టు కన్నా ఎక్కువ లోటు పడితే ఆ టో జంప్ విలువ ఎనభై శాతానికి పడిపోతుంది, జడ్జిలు కూడా మైనస్‌లోకి దిగుతారు. మైనస్ రెండు అనుకుంటే మొత్తం 8.08. గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రులకి రెండు జంపులూ ఒకేలా కనిపిస్తాయి, చప్పట్లు కూడా ఒకేలా పడతాయి. తేడా 3.2 మార్కులు. అదే లట్జ్ ఒంటరిగా చేసి పడిపోతే 5.9 లోంచి సగం పోయి, పడ్డందుకు ఇంకో మార్కు పోయి మిగిలేది 1.95. నాగాసుని కెరీర్ అంతా వెంటాడినవి పడిపోవడాలు కాదు, ఈ రొటేషన్ కోతలే.

లోకల్ పోటీల్లో పిల్ల ఏడుస్తూ వస్తే "జడ్జిలకి మా వాళ్లంటే పడదు" అనేవాళ్లని నేను చాలామందిని చూశాను. ప్రోటోకాల్ షీట్ (ఏ జంప్‌కి ఎన్ని మార్కులు పడ్డాయో చూపే కాగితం) తీసి చూస్తే లట్జ్ పక్కన "ఇ" గుర్తు ఉంటుంది: బయటి అంచు మీద నుంచి లేవాల్సిన జంప్ లోపలి అంచుకి ఒరిగిపోయింది. రింకుల్లో దాన్ని ఫ్లట్జ్ అంటారు. పన్నెండేళ్లకి అలవాటైన ఫ్లట్జ్ పదిహేడేళ్లకి పోదు, కోచ్‌కి ఇప్పుడే చెప్పి సరిచేయించండి. కాంపొనెంట్ మార్కులు మాత్రం వేరే కథ. అవి పేరునీ వరసనీ బట్టి కొంత ఊగుతాయి. పేరున్న అమ్మాయికి ఇచ్చినంత ధారాళంగా కొత్త అమ్మాయికి ఇవ్వరు. దాని మీద మీరు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, స్కేటింగ్ బలం పెంచుకోవడం తప్ప.

ఇండియా తరఫున ఆడించడం గురించి. తేలికా అంటే ఒకవైపు అవును: దేశం లోపల పోటీ చాలా తక్కువ. ఇంకోవైపు కాదు: వరల్డ్స్, ఫోర్ కాంటినెంట్స్‌కి (యూరప్ బయటి దేశాల ఛాంపియన్‌షిప్) వెళ్లాలంటే ఐఎస్‌యూ పెట్టిన కనీస టెక్నికల్ మార్కు అంతర్జాతీయ పోటీలో సాధించాలి. ఒలింపిక్స్‌కి బెర్తు కూడా తనే తెచ్చుకోవాలి. యునా కిమ్ లాంటి అక్క ఎవరూ ముందు నడిచి పెట్టలేదు. పైగా సింగిల్స్‌లో ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) పౌరసత్వం కాదు, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమెరికాలో పుట్టిన తారా ప్రసాద్ భారత పౌరసత్వం తీసుకున్నాకే ఇండియా తరఫున ఆడుతోంది. మీ పాప అక్కడే పుట్టి ఉంటే, ఇది ఒక ఆట కోసం పాస్‌పోర్టు మార్చుకోవడమే. రేపు కాలేజీ, ఉద్యోగం, మీరు ఉండే చోటు, అన్నిటితో ముడిపడ్డ విషయం. ఇంటర్మీడియట్ లెవెల్లో ఉండగా దీని మీద ఇంట్లో వాదనలు పెట్టుకోకండి. పాప నోవిస్ దాటి, జూనియర్‌లో ట్రిపుల్స్ నిలకడగా పడుతుంటే అప్పుడు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

మామగారిని మాత్రం ఒకసారి పోటీకి తీసుకెళ్లండి, స్వెట్టర్ వేసి. వార్మప్‌లో ఆరుగురు పిల్లలు ఒకేసారి మంచు మీద తిరుగుతుంటే చూస్తే ఆయన ప్రశ్నలు మారతాయి. మీ తర్వాతి మెసేజ్‌లో పాప పుట్టినతేదీ, డబుల్ యాక్సెల్ పదింట్లో ఎన్ని దిగుతున్నాయో, కిందటి పోటీ ప్రోటోకాల్ షీట్ ఫోటో (పేరు చెరిపేసి) పెట్టండి. రొటేషన్ గుర్తులు ఎక్కడ పడ్డాయో చూసి చెబుతాను.